గాటు చిన్నదే, పని పెద్దది

మా తోటికోడలు కొడుకు రాత్రి తెనాలిలో బస్సెక్కి, తెల్లారేసరికి హైదరాబాద్‌లో మా గుమ్మం ముందున్నాడు. చంకలో స్కానింగ్ ఫిల్ముల కవరు. కాఫీ గ్లాసు చేతిలో పెడితే పట్టుకుని కూర్చున్నాడే గానీ తాగలేదు.

"పెద్దమ్మా, అమ్మకి క్లోమంలో గడ్డంట. ఒక డాక్టరుగారేమో కడుపు కోసి తియ్యాలన్నారు. ఇంకో ఆయన నాలుగైదు బెజ్జాలు పెట్టి కెమెరాతో తీసేస్తామన్నారు. బెజ్జాలే మంచివి కదా? నువ్వు ముప్పై ఏళ్ళు థియేటర్లో ఉన్నావు. నువ్వు ఏదంటే అదే" అన్నాడు.

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. 31 ఏళ్ళు ఆ పని చేసి రిటైరయ్యాను. మొదట గుంటూరులో, తర్వాత హైదరాబాద్‌లో. చివరి పద్దెనిమిదేళ్ళూ జీర్ణకోశ శస్త్రచికిత్సల థియేటర్లోనే. సర్జన్ చెయ్యి చాపగానే అడగకుండా పనిముట్టు అందించడం, కడుపు మూసేముందు లోపలికి వెళ్ళిన, రక్తం అద్దే ప్రతి మాపూ, ప్రతి సూదీ బయటికొచ్చిందో లేదో లెక్క చెప్పడం నా ఉద్యోగం. క్లోమం ఆపరేషన్లు కోసి చేసినవి చూశాను, కెమెరాతో చేసినవి చూశాను, కెమెరాతో మొదలుపెట్టి మధ్యలో కోసినవీ చూశాను.

వాడికి వెంటనే జవాబు చెప్పలేదు. రిపోర్టు తీసి ఒకే ఒక్క మాట కోసం వెతికాను. గడ్డ తలలో ఉందా, తోకలో ఉందా? తోకలో ఉంది. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుని, "ముందా కాఫీ తాగు నాయనా" అన్నాను.

థియేటర్ బయట కూర్చునేవాళ్ళందరూ కోత గురించే అడుగుతారు. ఎంత పొడుగు, ఎన్ని కుట్లు, మచ్చ కనిపిస్తుందా, ఎన్నాళ్ళకి పొలానికి వెళ్ళొచ్చు. గడ్డ క్లోమంలో ఏ మూల ఉందీ, ఈ ఆపరేషన్ ఈ డాక్టరుగారు ఏడాదికి ఎన్ని చేస్తారూ అని అడిగినవాళ్ళని నా సర్వీసంతా కలిపి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రాణం ఆధారపడేది మాత్రం ఎక్కువగా ఆ రెండిటి మీదే. అందుకే ఇది రాస్తున్నాను.

క్లోమం జానెడు కూడా ఉండదు. ఇంచుమించు 15 సెంటీమీటర్ల పొడవు, నూరు గ్రాముల లోపు బరువు. జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకి ముందు, అడ్డంగా పడుకుని ఉంటుంది. కుడివైపు లావుగా ఉండేదాన్ని తల అంటారు. చిన్నపేగు మొదటి వంపు ఆ తలని కౌగిలించుకున్నట్టు చుట్టుకుని ఉంటుంది. ఎడమవైపు సన్నబడుతూ వెళ్ళి ప్లీహం దగ్గర ముగిసేది తోక. ఇన్సులిన్ తయారయ్యేది ఈ అవయవంలోనే. రోజుకి లీటరు, లీటరున్నర జీర్ణరసం ఊరేదీ ఇక్కడే. మనం తిన్న మాంసాన్నీ పప్పునీ నెయ్యినీ అరిగించే రసం అది. పేగులో పడ్డంతవరకూ మనకి సేవ చేస్తుంది. కడుపులో బయట కారితే మన కండనే, మన రక్తనాళాన్నే అరిగించడానికి చూస్తుంది. క్లోమం సర్జన్ల భయమంతా ఈ కారడం గురించే. దాన్ని లీక్ అంటాం మేము.

కాలేయం నుంచి వచ్చే పైత్యనాళం క్లోమం తలలోంచి దూరి పేగులోకి వెళుతుంది. అందుకని తలలో గడ్డ లేస్తే ఆ గొట్టం నొక్కుకుపోయి కామెర్లు వస్తాయి. కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళంతా దురద, మలం సున్నంలా తెల్లబడుతుంది. మన దగ్గర కామెర్లంటే పసరు మందు, పథ్యం, ఇంకా కొన్నిచోట్ల చేతిమీద వాతలు. మామూలు కామెర్లు వాటంతటవే తగ్గేవి గనక పసరుకి పేరొచ్చింది. గడ్డ వల్ల వచ్చిన కామెర్లు పసరుకి తగ్గవు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక పొగాకు రైతు మణికట్టు మీద మూడు వాతలతో మా బల్ల మీద పడుకున్నారు. ఆ మూడు వాతలకీ ఆరు వారాలు పట్టింది. ఈ జబ్బులో ఆరు వారాలు చాలా ఎక్కువ. ఎందుకంటే క్లోమం క్యాన్సర్ బయటపడేనాటికి నూటికి 15 నుంచి 20 మందికే ఆపరేషన్ చేసే వీలుంటుంది. దురదతో, తెల్లటి మలంతో కామెర్లు కనిపిస్తే వారం తిరక్కుండా కడుపు స్కానింగ్ చేయించండి. ఇది నా వేడుకోలు.

తోకలో గడ్డకి సాధారణంగా కామెర్లు రావు. నడుములోకి పొడిచే నొప్పి, తగ్గిపోతున్న ఒళ్ళు, యాభై దాటాక ఉన్నట్టుండి వచ్చిన షుగరు, ఇలాంటి గుసగుసలే ఉంటాయి. మా తోటికోడలికి అలాగే జరిగింది. 58 ఏళ్ళకి కొత్తగా షుగరొచ్చింది. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. "షుగరొస్తే తగ్గుతారులే" అనుకున్నారు అందరూ. వాళ్ళ ఊళ్ళో పిల్ల డాక్టరమ్మ ఒకావిడ మాత్రం, షుగరు ఇంత త్వరగా ఇంత మనిషిని తినెయ్యదని స్కానింగ్ రాసింది. ఆ అమ్మాయికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఇక బెజ్జాల సంగతి. కీహోల్ ఆపరేషన్ అంటే జనానికి గుర్తొచ్చేది పిత్తాశయంలో రాళ్ళు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ మొదటిసారి పిత్తాశయాన్ని చిన్న గాట్లలోంచి తీశారు. 1987లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫిలిప్ మూరె తీశారు. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే ప్రపంచమంతా పాకిపోయింది. ఇవాళ మన జిల్లా కేంద్రాల్లో కూడా పొద్దున చేసి మర్నాడు ఇంటికి పంపుతున్నారు. అది చూసినవాళ్ళు, క్లోమం కూడా అలాగే కదా అనుకోవడంలో తప్పు లేదు.

కానీ పిత్తాశయం ఒక సంచి. దాని గొట్టానికీ రక్తనాళానికీ క్లిప్పులేసి, కోసి, బయటికి లాగేస్తే అయిపోయింది. మళ్ళీ దేన్నీ దేనితోనూ కలపక్కర్లేదు. నా దృష్టిలో ఆపరేషన్లు రెండు జాతులు. తీసేసి వదిలేసేవి ఒకటి, తీసేసి మళ్ళీ అతకాల్సినవి ఇంకొకటి. క్లోమం తోక ఆపరేషన్ మొదటి జాతి. క్లోమం తల ఆపరేషన్ రెండో జాతి. ఒకే అవయవం, ఒకే గడ్డ పేరు, ఒకే వార్డు. ఆపరేషన్లు మాత్రం వేరువేరు.

తల ఆపరేషన్‌ని విపుల్ అంటారు. అమెరికా సర్జన్ అలెన్ విపుల్ పేరు మీదుగా వచ్చింది. ఆయన పుట్టింది పర్షియాలో, మిషనరీల ఇంట్లో. 1935లో న్యూయార్క్‌లో తన సహచరులతో కలిసి, ముగ్గురు రోగుల మీద చేసిన ఈ ఆపరేషన్ గురించి రాశారు. అప్పుడు రెండు విడతల్లో చేసేవారు. ఆయనకన్నా ముందు, 1909లో బెర్లిన్‌లో వాల్టర్ కౌష్ అనే ఆయన చేసినా పేరు మాత్రం విపుల్‌కే నిలిచింది.

ఈ ఆపరేషన్ రోజున బల్ల మీద జరిగేది చెబుతాను. క్లోమం తల, దాన్ని చుట్టుకున్న చిన్నపేగు వంపు, పిత్తాశయం, పైత్యనాళం కింది భాగం, కొందరికి జీర్ణాశయం చివరి ముక్క, ఇవన్నీ ఒకే ముద్దగా బయటికొస్తాయి. తల పక్కన సన్నబడే చోటుని మెడ అంటారు. ఆ మెడ వెనకాల పేగుల రక్తాన్నంతా కాలేయానికి మోసుకెళ్ళే పెద్ద సిర ఉంటుంది. మెడని దాని మీదనుంచి లేపి, నడుమ దారి చేసుకుని, కొయ్యాలి. ఆ సిర గోడ తడి కాగితంలా ఉంటుంది. ఆ కాసేపూ మా థియేటర్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. మత్తు డాక్టరుగారి మానిటర్ చప్పుడు ఒక్కటే వినిపించేది.

ముద్ద బయటికొచ్చాక చూసేవాళ్ళు అయిపోయిందనుకుంటారు. సగమే అయింది. మిగిలిన క్లోమాన్ని పేగుకి కుట్టాలి, పైత్యనాళాన్ని పేగుకి కుట్టాలి, జీర్ణాశయాన్ని పేగుకి కుట్టాలి. మూడు అతుకులు. ఐదు గంటలు, ఏడు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. రెండో అతుకూ మూడో అతుకూ సాధారణంగా మాట వింటాయి. మొదటిదే మొండిది.

ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న క్లోమం వెన్నముద్దలా ఉంటుంది. సూది గుచ్చి దారం లాగితే తెగుతుంది. మధ్యలో ఉండే రసం గొట్టం మూడు మిల్లీమీటర్లు కూడా లేకపోతే, ఆ గొట్టం అంచుని పేగు అంచుతో కలిపి వెంట్రుకంత దారంతో కుట్టాలి. వింతేమిటంటే, ఏళ్ళ తరబడి వాచి, గట్టిపడి, గొట్టం లావెక్కిన జబ్బు క్లోమం కుట్టుని చక్కగా పట్టుకుంటుంది. మంచి క్లోమమే కుట్టు జారవిడుస్తుంది. మా సర్జన్‌గారు మెడ కోసిన వెంటనే వేలితో నొక్కి చూసి, "మెత్తగా ఉంది సిస్టర్" అనేవారు. ఆ మాట వింటే నాకు అర్థమయ్యేది. ఈ మనిషి మంచం పక్కన రెండు వారాలు కళ్ళలో ఒత్తులేసుకుని కూర్చోవాలని.

ఇప్పుడు ఇదే పని కెమెరాతో చేస్తే? థియేటర్లో దీపాలు తగ్గిస్తారు. కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు పంపి ఉబ్బిస్తారు. ఐదారు చోట్ల అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు గాట్లు పెట్టి పోర్టులనే గొట్టాలు దింపుతారు. ఒకదాన్లో కెమెరా, మిగతావాటిలో పొడుగు పనిముట్లు. అందరి కళ్ళూ తెర మీదే. కడుపు తెరిచినప్పుడు నేను సర్జన్ చేతి వెనకనుంచి మెడ చాచి చూసేదాన్ని. తెర మీదైతే నాకు కనిపించేదీ ఆయనకి కనిపించేదీ ఒకటే, అదీ ఎన్నో రెట్లు పెద్దదిగా. రక్తనాళాల కొమ్మలు, రెమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే రక్తం తక్కువ పోతుంది. మాపులు లెక్కపెట్టేదాన్ని నాకు ఆ తేడా తెలుసు.

కుట్టడం దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది. కిటికీ ఊచల్లోంచి రెండు పొడుగు పటకార్లు దూర్చి, లోపల దండెం మీదున్న జాకెట్టుకి హుక్కు కుట్టమంటే ఎలా ఉంటుందో అలా. ఆ జాకెట్టు గుడ్డ వెన్న అనుకోండి. నెమ్మదిగా నేర్చుకుంటే వస్తుంది. అద్భుతంగా కుట్టే చేతుల్ని నేను చూశాను. కానీ వందల గంటల సాధన లేకుండా రాదు. రోబో వచ్చాక పనిముట్టు చివరికి మణికట్టులాంటిది అమరింది, కుట్టడం కొంత తేలికైంది. ఐనా రోబో తనంతట తాను ఏమీ చెయ్యదు. పక్కన కుర్చీలో కూర్చున్న సర్జన్ చెయ్యి ఎటు తిరిగితే అదీ అటే తిరుగుతుంది.

రక్తం కారితే తేడా ఇంకా పెద్దది. కడుపు తెరిచి ఉంటే సర్జన్ వేలు పెట్టి నొక్కేస్తారు, అంతా ఆగి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. కెమెరా ఆపరేషన్లో అద్దం మీద నాలుగు చుక్కలు పడితే తెరంతా ఎర్రబడి ఏమీ కనిపించదు. అందుకే కెమెరా ఆపరేషన్ రోజున కూడా కోత ఆపరేషన్ ట్రే పూర్తిగా పేర్చి, గుడ్డ కప్పి, నా ఎడమచేతి పక్కన పెట్టుకునేదాన్ని. ఒకసారి క్లోమం మెడ వెనకాలుండే ఆ పెద్ద సిర చీలింది. సర్జన్ "ఓపెన్" అన్నారు. మాట పూర్తయ్యేసరికి కత్తి ఆయన చేతిలో ఉంది. రెండు నిమిషాల లోపు కడుపు తెరిచారు. ఆ రోగి పద్నాలుగో రోజున నడిచి ఇంటికి వెళ్ళారు. వాళ్ళబ్బాయి మాత్రం, "బెజ్జాల్లో అన్నారు, చివరికి కోసేశారు, ఫెయిలైందా సిస్టర్?" అని మొహం మాడ్చుకున్నాడు. ఫెయిల్ కాదు బాబూ, మీ నాన్నగారిని కాపాడిన నిర్ణయం అది అని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

కెమెరాతో విపుల్‌ని ప్రపంచంలో మొదట చేసింది మాంట్రియల్‌లో మిషెల్ గాన్యే, ఆల్ఫాన్స్ పాంప్. 1994లో ప్రకటించారు. మూడేళ్ళ తర్వాత గాన్యే తన మొదటి పది విపుల్‌ల లెక్క చెబుతూ, నాలుగింటిలో మధ్యలో కడుపు తెరవాల్సి వచ్చిందనీ, రోగికి ఈ పద్ధతి వల్ల ప్రత్యేకంగా ఒరిగిన లాభం కనిపించలేదనీ తానే రాశారు. తన కొత్త పద్ధతి గురించి తానే అంత నిజాయితీగా రాసుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవం.

తర్వాత మన దేశం నుంచే గట్టి కబురొచ్చింది. కోయంబత్తూరులోని జెమ్ ఆసుపత్రిలో డాక్టర్ పళనివేలు బృందం 64 మంది రోగుల్ని లాటరీ పద్ధతిలో సగం కోతకీ సగం కెమెరాకీ కేటాయించి చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. కోసి చేసినవాళ్ళు ఆసుపత్రిలో 13 రోజులుంటే, కెమెరావాళ్ళు 7 రోజులే ఉన్నారు. రక్తం కూడా తక్కువే పోయింది. ఆపరేషన్ మాత్రం కొంచెం ఎక్కువసేపు పట్టింది. మా దగ్గర శనివారం పొద్దున సర్జన్లకి క్లాసు జరిగేది. నర్సులం కూడా వెనక బల్లమీద కూర్చునేవాళ్ళం. ఆ వారం గదిలో ఉత్సాహం పొంగిపోయింది. మన పక్క రాష్ట్రంలో చేస్తున్నారు, మనమెందుకు చెయ్యకూడదని కుర్ర డాక్టర్లంతా ఒకటే మాట.

రెండేళ్ళకి, 2019లో, అదే గదిలో ఇంకో కాగితం చదివారు. నెదర్లాండ్స్‌లో నాలుగు పెద్ద ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధన. పేరు లెపర్డ్-2. విపుల్‌నే కోతతోనూ కెమెరాతోనూ పోల్చారు. 99 మందికి చేశాక పర్యవేక్షణ సంఘం మధ్యలో ఆపించేసింది. కెమెరాతో చేసిన 50 మందిలో ఐదుగురు తొంభై రోజుల లోపు ఆపరేషన్ చిక్కుల వల్ల పోయారు. కోసి చేసిన 49 మందిలో ఒకరు. అంత చిన్న లెక్కతో తీర్పు చెప్పలేమని ఆ పరిశోధకులే అన్నారు. కానీ కొనసాగించడానికి మనసొప్పలేదు. ఆ సర్జన్లు అనామకులు కారు, శిక్షణ తీసుకునే మొదలుపెట్టారు. మా క్లాసులో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు. నాకైతే ఆ ఐదుగురి ఇళ్ళు కళ్ళ ముందు కనిపించాయి.

మరి కోయంబత్తూరులో బాగున్నది నెదర్లాండ్స్‌లో ఎందుకు బాగోలేదు? జవాబు 2021లో చైనా నుంచి వచ్చింది. 14 ఆసుపత్రులు, 656 మంది రోగులు. అక్కడ ఒక షరతు పెట్టారు. కెమెరాతో విపుల్ కనీసం 104 చేసిన సర్జనే ఇందులో పాల్గొనాలి. ఫలితం ఏమిటంటే, మరణాలు రెండు వైపులా నూటికి రెండే. ఆసుపత్రిలో ఉన్న రోజులు కెమెరాకి 15, కోతకి 16. నేను ఈ లెక్కని ఇలా చదువుకున్నాను. బాగా చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే కెమెరా విపుల్ కోత విపుల్ అంత క్షేమమే. కానీ అంత చెయ్యి తిరిగినవాళ్ళు చేసినా రోగికి మిగిలింది ఒక్క రోజు. చెయ్యి తిరగని చోట పోయేది ఒక్క రోజు కాదు.

ఎన్ని చేశారన్నది కోతకీ వర్తిస్తుంది. అమెరికాలో ముసలివాళ్ళ ప్రభుత్వ బీమా లెక్కలు తీసి 2002లో బర్క్‌మేయర్ బృందం చూపించింది. క్లోమం ఆపరేషన్ సగటున ఏడాదికి ఒకటి కూడా చెయ్యని ఆసుపత్రుల్లో నూటికి 16 మంది చనిపోతే, ఏడాదికి పదహారుకి మించి చేసేచోట నలుగురు కూడా పోలేదు. ఈ తేడాకి సర్జన్ ఒక్కరే కారణం కాదు. అర్ధరాత్రి, కడుపులోంచి బయటికి పెట్టిన డ్రెయిన్ గొట్టంలో ఎర్రటి చుక్క చూసి నిద్రలేపే నర్సు, లీకైనచోట సూదితో గొట్టం వేసే రేడియాలజీ డాక్టరు, రక్తం కారుతున్న నాళాన్ని తొడలోంచి తీగ పంపి మూసేవాళ్ళు, రాత్రంతా తెరిచి ఉండే బ్లడ్ బ్యాంకు, అందరూ కావాలి. కెమెరా విపుల్ మొదలుపెట్టాలంటే ఆ ఆసుపత్రిలో ఏడాదికి కనీసం ఇరవై జరుగుతుండాలని అంతర్జాతీయ నిపుణులు మయామీలో కూర్చుని 2019లో చెప్పారు.

తోక దగ్గర కథ వేరని ముందే అన్నాను. అక్కడ అతుకులుండవు. క్లోమాన్ని మధ్యలో స్టేప్లర్‌తో కోసి మూసి, తోకవైపు ముక్కని సంచిలో వేసి చిన్న గాటులోంచి బయటికి తీస్తారు. క్యాన్సరైతే ప్లీహం కూడా దాంతోపాటే వస్తుంది, ఎందుకంటే దాని రక్తనాళాలు క్లోమానికి అంటుకునే నడుస్తాయి. క్యాన్సర్ కాని గడ్డలకి ప్లీహాన్ని ఉంచే ప్రయత్నం చేస్తారు. ప్లీహం తీసేస్తారని ముందే తెలిస్తే కనీసం రెండు వారాల ముందు న్యుమోనియా, మెనింజైటిస్ టీకాలు వేయించాలి. చాలా ఇళ్ళలో ఈ సంగతి చివర్న గుర్తొస్తుంది.

నెదర్లాండ్స్‌వాళ్ళే తోక ఆపరేషన్‌ని కూడా పోల్చారు. లెపర్డ్ అని పేరు, 14 ఆసుపత్రులు, 108 మంది. మాత్రలతో నొప్పి అదుపులో ఉండడం, సొంతంగా నడవడం, నోటితో తినడం, సెలైన్ అవసరం లేకపోవడం, వీటన్నిటికీ కోసినవాళ్ళకి ఆరు రోజులు పడితే బెజ్జాలవాళ్ళకి నాలుగు పట్టింది. పోయిన రక్తం 400 మిల్లీలీటర్లకి బదులు 150. ఐతే లీక్ మాత్రం తగ్గలేదు. బెజ్జాలవాళ్ళలో నూటికి 39 మందికి, కోసినవాళ్ళలో 23 మందికి అయింది. ఆ తేడా కాకతాళీయం కావచ్చని లెక్కలవాళ్ళు అన్నారు. కావచ్చు. లోపల కోసిన చోటు ఒకటే గనక గాటు చిన్నదైనంతమాత్రాన అక్కడ కారడం ఆగదని మాత్రం గుర్తుంచుకోవాలి.

మరి క్యాన్సర్ సరిగ్గా వస్తుందా, బెజ్జాల్లోంచి తీస్తే ఏదైనా వదిలేస్తారా? మా తోటికోడలు కొడుకు రెండోసారి అడిగింది ఇదే. సరైన ప్రశ్న. 12 దేశాల్లో 258 మంది తోక క్యాన్సర్ రోగులతో జరిగిన పరిశోధన 2023లో అచ్చయింది. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేకుండా వచ్చినవాళ్ళు కెమెరాతో నూటికి 73, కోతతో 69. అంటే కెమెరా ఏమీ తీసిపోలేదు. ఐతే ఎలా తీశారన్నదానితోపాటు ఎంత తొందరగా కనిపెట్టారన్నదీ ముఖ్యమే. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌కి 2009లో మామూలు పరీక్షల్లో క్లోమం గడ్డ చిన్నగా ఉండగానే బయటపడింది. ఫిబ్రవరి 5న ఆపరేషన్ చేయించుకుని ఆ నెల 23న కోర్టులో కూర్చున్నారు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికారు. తొందరగా కనిపెట్టడం అంత పని చేస్తుంది.

ఆ పొగాకు రైతు సంగతి మధ్యలో వదిలేశాను. వాళ్ళవాళ్ళు రెండెకరాలు అమ్మి డబ్బు తెచ్చారు. అంతకుముందు వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, బోర్డు మీద కెమెరా బొమ్మ చూసి, బెజ్జాల్లోంచే చేయించాలని నిశ్చయించుకున్నారు. "ఇక్కడ విపుల్‌లు ఎన్ని చేస్తారండీ" అని ఆయన కూతురు అడిగితే, "మా దగ్గర అన్నీ చేస్తాం" అన్నారట. లెక్క చెప్పలేదు. ఆ అమ్మాయి పదో తరగతి చదివింది. అన్నీ అనేది ఒక లెక్క కాదని ఆమెకి తోచింది. మా దగ్గరికి తీసుకొచ్చింది. మా సర్జన్ కెమెరాతోనూ చేస్తారు, ఐనా స్కానింగ్ చూసి, "గడ్డ సిరకి ఆనుకుని ఉందమ్మా, మీ నాన్నకి నేను కోసే చేస్తాను" అన్నారు. కోస్తే నిజంగానే సిర గోడలో చిన్న ముక్క కూడా తీసి కుట్టాల్సి వచ్చింది. పక్కటెముకల కింద విల్లులా పొడుగాటి కోత. మొదటి మూడు రోజులు దగ్గాలంటే కడుపు మీద దిండు అదిమిపట్టుకునేవారు. ఊపిరితిత్తుల కోసం మూడు బంతుల గొట్టంలోంచి గాలి పీల్చమంటే మొదటి బంతి కూడా లేచేది కాదు. పదమూడో రోజున ఇంటికెళ్ళారు. కోత నొప్పి చిన్నదని నేను ఎవరితోనూ అనను. ముసలి ఊపిరితిత్తులకి అది పెద్ద పరీక్షే. తర్వాత కొందరికి అదే కోత దగ్గర గిలక కూడా దిగుతుంది. బెజ్జాల వల్ల తప్పే బాధ నిజమైన బాధే.

తోటికోడలు కొడుక్కి నేను కాలెండర్ కాగితం చింపి వెనకవైపు నాలుగు ముక్కలు రాసిచ్చాను. ఈ తోక ఆపరేషన్లు కిందటేడు ఎన్ని చేశారు, అందులో కెమెరాతో ఎన్ని, మధ్యలో కోసినవి ఎన్ని? లీకైతే రాత్రి పూట ఎవరు చూస్తారు? టీకాలు ఎప్పుడు? తర్వాత కీమో ఎవరిస్తారు? లెక్క చెప్పిన ఆసుపత్రిలో చేరమన్నాను. ఇద్దరు డాక్టర్లనీ అడిగాడు. ఒకరు రిజిస్టరు తెప్పించి చూసి మరీ చెప్పారు. మా తోటికోడలు అక్కడే చేరింది.

గడ్డ మూడు సెంటీమీటర్లు, పెద్ద నాళాలకి దూరంగా ఉంది. కెమెరాతోనే చేశారు. నాలుగు గంటలు పట్టింది. మర్నాడు కుర్చీలో కూర్చుంది, మూడో రోజు ఇడ్లీ తిని వరండాలో నడిచింది. నాకన్నా పదేళ్ళు చిన్నదైనట్టు నడిచిందనిపించింది. ఐదో రోజున నేను డ్రెయిన్ సంచి పైకెత్తి చూస్తే నీళ్ళలా ఉండాల్సింది గంజిలా ఉంది. పరీక్షకి పంపారు, క్లోమరసంలో ఉండే అమైలేజ్ వేలల్లో వచ్చింది. లీక్. కొడుకు బెంబేలెత్తిపోయాడు. కంగారు పడకు నాయనా, గొట్టంలోంచి బయటికొస్తున్నంతవరకూ అది మన అదుపులోనే ఉందని చెప్పాను. జ్వరం రాలేదు. డ్రెయిన్‌తోనే ఎనిమిదో రోజున ఇంటికి పంపారు. రోజూ పొద్దున ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి నాకు ఫోన్ చేసేవాడు. డెబ్భై, యాభై ఐదు, ముప్పై, పన్నెండు. ఇరవై నాలుగో రోజున గొట్టం తీసేశారు. ఆరో వారంలో కీమో మొదలుపెట్టారు.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. తోటికోడలికి జుట్టు పల్చబడింది, మనిషి ఇంకా నీరసంగానే ఉంది. భోజనాల దగ్గర ఎదురింటావిడ వచ్చి కూర్చుని, "ఏదీ చూడనీ" అని అడిగి, చీర కుచ్చెళ్ళ పైన ఉన్న ఆ ఐదు మచ్చలూ చూసి, "ఓస్, ఇంతేనా! చిన్నాపరేషనే అన్నమాట" అంది.

మా తోటికోడలు ఇన్సులిన్ పొడుచుకుని, మొదటి ముద్దతో అన్నం అరగడానికి వేసుకునే క్లోమం మాత్ర మింగి, నీళ్ళు తాగింది. తర్వాత నావైపు చెయ్యి చూపించి, "లోపల ఏమేం పోయాయో అక్కయ్యనడుగు వదినా, తీరిగ్గా చెబుతుంది" అంది.